ఏడో తరగతి లెక్కలు ఫోన్‌తో చేస్తోంది, ఫోన్ లాక్కోవాలా వద్దా?

కామారెడ్డి అమ్మ

అందరికీ నమస్తే. మా పాప సర్కారు బడిలో ఏడో తరగతి. నేను 2004లో తెలుగు మీడియంలో పది పాసయ్యాను, లెక్కల్లో నాకు మంచి మార్కులే వచ్చేవి. అందుకే పాప చిన్నప్పటి నుంచి సాయంత్రం బీడీలు చుట్టుకుంటూ పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పేదాన్ని. తను నాలుగో తరగతికి వచ్చిన ఏడాదే, 2022లో, బడి ఇంగ్లిష్ మీడియం అయింది. ఇప్పుడు తను ఎల్‌సీఎం అంటుంది, న్యూమరేటర్ అంటుంది. నాకు తెలిసింది కసాగు, లవం, హారం. నేను నోరు తెరిస్తే "నీకు రాదులే అమ్మా" అని ఫోన్ తీసుకుంటుంది.

లెక్కను ఫోటో తీస్తే ఏఐ యాప్ మొత్తం చేసి చూపిస్తుంది, అది చూసి నోట్స్‌లోకి ఎక్కిస్తుంది. నోట్స్ నిండా రైట్ మార్కులే. కానీ బడిలో పెట్టే మొదటి చిన్న పరీక్ష ఎఫ్ఏ-1లో 20కి 6 వచ్చాయి. ఆ రోజు నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. హోంవర్క్ వచ్చేదే వాట్సాప్ గ్రూప్‌లో, ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, రాత్రయితే వాళ్ల నాన్న దుబాయ్ నుంచి మాట్లాడేదీ దాంట్లోనే. దాచేద్దామంటే కుదరదు, ఇద్దామంటే భయం. "నీకు రాదులే" అన్న మాట కూడా చాలా బాధగా ఉంది, ఎందుకంటే నాకు ఆ లెక్క వచ్చు. ఏం చేయమంటారు?

తెలుగు మీడియం తమ్ముడు

అక్కా, ముందు ఒక మాట. పాపకు ఇంగ్లిష్ మాటలు రావడం మంచిదే, దాని గురించి బాధపడకండి. నేను పది వరకు తెలుగు మీడియం, ఇంటర్ ఎంపీసీ ఇంగ్లిష్‌లో. త్వరణం అంటే నాకు బాగా తెలుసు, కానీ సార్ ఎక్సలరేషన్ అంటుంటే అదేదో కొత్త పాఠం అనుకుని మొదటి మూడు నెలలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. తెలిసిన విషయమే తెలియనట్టు అయిపోయింది. ఆ గండం మీ పాపకు ఉండదు.

ఫోన్ విషయానికొస్తే, లాక్కోవద్దు, అడిగే పద్ధతి మార్పించండి. లెక్క ముందు పాపే కాగితం మీద చేయాలి, తప్పయినా సరే. తర్వాత ఆ కాగితాన్ని ఫోటో తీసి, తెలుగులోనే మాట్లాడి చెప్పమనండి: "నేను ఏడో తరగతి. జవాబు చెప్పకు. నేను ఎక్కడ తప్పు చేశానో ఒక్కటే చెప్పు." నేను మా అన్న కొడుకుతో ఇలాగే చేయిస్తున్నాను, వాడిలో తేడా కనిపిస్తోంది. ఒక్క జాగ్రత్త, తెలుగు లెక్కల మాటల్లో ఈ యాప్‌లు తడబడతాయి. గుణిజం అనాల్సిన చోట గుణకం అని చెప్పడం నేనే చూశాను, రెండూ వేర్వేరు కదా. అలాంటప్పుడు పాఠ్యపుస్తకంలో ఏ మాట ఉందో అదే నమ్మాలి.

లెక్కల టీచర్

నేనూ సర్కారు బడిలోనే లెక్కలు చెబుతాను, వేరే జిల్లా. అమ్మా, మీ పాప వయసు పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. కరోనాతో బడులు మూసేశాక, 2020 సెప్టెంబర్ 1న మన తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి, కానీ అవి మూడో తరగతి నుంచి. మీ పాప అప్పుడు రెండో తరగతి అయి ఉండాలి, అంటే తనకు టీవీ పాఠం కూడా లేదు. ఆ ఏడాది చిన్న తరగతుల బడి అసలు తెరవలేదు, మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబర్‌లో. గడగడా చదవడం, ఎక్కాలు, తీసివేతలు కుదురుకునే వయసు అలా పోయింది. ఆ వెంటనే నాలుగో తరగతిలో భాష మారింది. 2022 ఆగస్టులో చదవడం, రాయడం, లెక్కల కోసం తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం మొదలుపెట్టారు, మేమూ కష్టపడ్డాం, కానీ అందరు పిల్లలూ అందుకోలేకపోయారు. కాబట్టి 20కి 6 వచ్చిందని నెపం మొత్తం ఫోన్ మీద వేయకండి. కింద పునాదిలో ఉన్న ఖాళీ ఫోన్ వల్ల బయటికి కనిపించకుండా పోయింది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. పాప లెక్కల పుస్తకం తెరిచి చూడండి. ఒక పేజీ ఇంగ్లిష్‌లో ఉంటే ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. మీడియం మార్చినప్పుడు ఇలా రెండు భాషల్లో అచ్చు వేశారు. తెలుగు పేజీ తిప్పే పిల్లలు నా క్లాసులో చాలా తక్కువ, తల్లిదండ్రుల్లో చాలామందికి అది ఉందనే తెలియదు. ఆ పేజీ మీది. మీరు తెలుగు వైపు చదవండి, పాప ఇంగ్లిష్ వైపు చూస్తుంది, హారం అన్న చోట అక్కడ డినామినేటర్ అని ఉంటుంది, ఇద్దరికీ రెండు మాటలూ వస్తాయి.

ఇంకో పని చేయండి. బీడీలు కట్టకు 25 కదా? రోజుకు మీరు 600 చుడితే ఎన్ని కట్టలు, వెయ్యిలో అది ఎంత భాగం అని పాపను అడగండి. ఫోన్ వద్దు, కాగితం చాలు. నోట్స్ నిండా రైట్‌లు ఉన్నాయన్నారు, ఆ తప్పు మాది కూడా. 40 నోట్స్‌లు దిద్దే తొందరలో జవాబు సరిపోతే టిక్ పెట్టేస్తాం. నేను ఈ ఏడాది హోంవర్క్ రెండు లెక్కలకు తగ్గించి, మర్నాడు ఎవరో ఒకరిని బోర్డు దగ్గరికి పిలిచి ఎందుకలా చేశావో చెప్పమంటున్నాను. మీ బడి సార్‌ను కలిసి ఫోన్ సంగతి దాచకుండా చెప్పండి. ఏమీ అనుకోరు.

ఊళ్లో ఉన్న నాన్న

టీచర్ గారు చెప్పింది నిజమే కానీ నాది కొంచెం వేరే మాట. మా ఊళ్లో ట్యూషన్ లేదు, పక్క మండలానికి పంపాలంటే ఆటో ఖర్చే సరిపోదు. నేను ఐదు వరకే చదివాను, నాకు తెలుగు పేజీ ఉన్నా లాభం లేదు. రాత్రి పదింటికి మా అబ్బాయికి డౌట్ వస్తే చెప్పేది ఆ ఫోన్ ఒక్కటే. దయచేసి ఫోన్ అంటేనే చెడ్డదని పిల్లల దగ్గర అనకండి, దొంగచాటుగా వాడటం మొదలుపెడతారు. వాడి పక్కన కూర్చుంటాను, నాకు అర్థం కాకపోయినా. యాప్ చెప్పింది మళ్లీ నాకు చెప్పమంటాను. చెప్పలేకపోతే వాడికీ రాలేదని తెలిసిపోతుంది.

రిటైర్డ్ పంతులు

నేను 34 ఏళ్లు పాఠాలు చెప్పాను. మా రోజుల్లో గైడ్లు ఉండేవి, క్వశ్చన్ బ్యాంకులు ఉండేవి, వాటిలోంచి ఎక్కించిన నోట్స్‌లు వేలకు వేలు దిద్దాను. కానీ గైడ్‌లో లేని లెక్క ఇస్తే పిల్లవాడు ఆగిపోయేవాడు, అక్కడ వాడికి ఏం రాదో నాకు దొరికేది. ఈ ఫోన్‌కు ఏ లెక్క ఇచ్చినా జవాబు చెబుతుంది కాబట్టి ఆ ఆగే చోటు ఇప్పుడు ఇంట్లో దొరకదు, పరీక్షలోనే దొరుకుతుంది. అందుకని హోంవర్క్ అయ్యాక అదే లెక్కలో అంకెలు మార్చి ఒక్కటి ఇవ్వండి తల్లీ. మీకు వచ్చు అన్నారుగా.

కామారెడ్డి అమ్మ

పది రోజుల తర్వాత రాస్తున్నాను, అందరికీ చాలా థాంక్స్. తెలుగు పేజీ నిజంగానే ఉంది, మూడేళ్లుగా ఇంట్లోనే ఉన్న పుస్తకాల్లో నేను చూడనేలేదు. బీడీల లెక్క అడిగాను. 24 కట్టలు అని వెంటనే చెప్పింది, వెయ్యిలో ఎంత భాగం అంటే 600 బై 1000 రాసి ఆగిపోయింది. పైనా కిందా 200తో కొట్టేయమన్నాను, 3 బై 5 వచ్చింది. "లవం అంటే న్యూమరేటరేనా అమ్మా?" అని అడిగింది, చాలా రోజుల తర్వాత లెక్క గురించి నన్ను అడిగిన మొదటి మాట అది. కొట్టివేతల్లోనే తడబడుతోంది, ఎక్కాలు 6 నుంచి పైకి సరిగ్గా రావు, అది టీచర్ గారు చెప్పిన ఖాళీయే అనుకుంటున్నాను. రోజూ ఒక ఎక్కం ఇద్దరం కలిసి చదువుతున్నాం. ఫోన్ మాత్రం తమ్ముడు చెప్పినట్టు కాగితం మీద చేశాకే ఇస్తున్నాను, రెండు రోజులు ఏడ్చింది, ఇప్పుడు పర్వాలేదు.

సార్‌ను ఇంకా కలవలేదు, సోమవారం వెళ్తాను. సైన్స్‌లో మాత్రం తెలుగు పేజీలో మాటలు నాకే అర్థం కావడం లేదు, దానికి ఎవరైనా దారి చెప్పగలరా?