పక్క రొయ్యల చెరువుకి వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చిందని తెలిసీ చెప్పకపోవడం తప్పా? ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు, రైతులు చెప్పండి

ల్యాబ్ టెక్నీషియన్, ఆకివీడు దగ్గర

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ జువాలజీ చేసి ఒక ఆక్వా షాపులో ల్యాబ్ చూస్తున్నాను, నాలుగేళ్ళయింది. రైతులు పొద్దున్నే సీసాలో నీళ్ళు, కవర్లో నాలుగు రొయ్యలు పట్టుకొస్తారు. పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూస్తాం, విబ్రియో బ్యాక్టీరియాకి ప్లేట్లు వేస్తాం, అనుమానం ఉంటే వైరస్ కోసం పీసీఆర్ చేస్తాం. ఈ పని నాకు ఇష్టం. ఇన్నాళ్ళలో నిద్ర పట్టని రోజు లేదు, ఈ నెలలోనే మొదలైంది.

ఒక మంగళవారం సాయంత్రం ఒకాయన యాభై రెండు రోజుల చెరువు నుంచి రొయ్యలు తెచ్చారు. ఒళ్ళు ఎర్రబడి ఉన్నాయి, గట్టు వెంట తేలుతున్నాయన్నారు. పీసీఆర్‌లో వైట్ స్పాట్ పాజిటివ్ వచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని "ఎవరికీ చెప్పకు బాబూ, తెలిస్తే బయ్యర్ రేటు తెగ్గోస్తాడు, మేత డీలర్ అప్పు కట్టమని రేపే గుమ్మంలో కూర్చుంటాడు" అన్నారు. మా ఓనర్ గారు కూడా నన్ను పక్కకి పిలిచి కస్టమర్ రిపోర్టు బయటికి పొక్కితే షాపు మూసుకోవాల్సిందే అన్నారు. నేను తలూపాను. ఆ రాత్రికి రాత్రే వలేసి నూట ఇరవై కౌంట్‌లో (అంటే కిలోకి నూట ఇరవై రొయ్యలు) ఉన్న సరుకు పట్టేశారు. వైరస్ చచ్చేలా బ్లీచింగ్ కొట్టి నీళ్ళు నిలబెట్టి ఆ తర్వాత వదలాలి కదా, అదేమీ లేకుండా తెల్లారేసరికి తూము ఎత్తి నీళ్ళన్నీ పక్కనున్న కాలవ, బోదెలోకి వదిలేశారు.

అదే బోదె మీద దిగువన ఇంకొకాయనకి మూడు చెరువులున్నాయి, కౌలుకి చేస్తారు. ఆయన మా షాపు కస్టమర్ కాదు, ముఖం మాత్రం తెలుసు. బుధవారం పొద్దున ఆయన ఆ బోదె నుంచే చెరువులకి నీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత వారం రోజులకి ఆ మూడూ పోయాయి.

మంగళవారం రాత్రి నేనొక్క ఫోను చేసి నాలుగు రోజులు మోటారు వేయొద్దండీ అని చెప్పి ఉంటే? ఉద్యోగ ధర్మం ప్రకారం నేను చేసింది కరెక్టే అంటున్నారు మా ఓనర్ గారు. మీరేమంటారో నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఆక్వా షాపు, భీమవరం

నేను పదహారేళ్ళుగా షాపు నడుపుతున్నాను కాబట్టి మీ ఓనర్ వైపు నుంచి చెప్తాను, దయచేసి కోపం లేకుండా చదవండి. రిపోర్టు డబ్బిచ్చి చేయించుకున్న రైతుది, మనది కాదు. ఇవాళ మీరు ఒకరి రిపోర్టు పక్కవాళ్ళకి చెప్పారనుకోండి, సాయంత్రానికి టీ కొట్టు దగ్గర అందరికీ తెలుస్తుంది, రేపట్నుంచి ఆ చుట్టుపక్కల ఒక్క రైతు కూడా చచ్చిన రొయ్య తీసుకుని మీ ల్యాబ్ మెట్లెక్కడు. అప్పుడు జబ్బు ఎక్కడుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు. రైతు భయం లేకుండా టెస్టు చేయించుకోగలగడమే ఊరికి మేలు.

ఇంకొక మాట. ఆ మూడు చెరువులూ ఈ నీళ్ళ వల్లే పోయాయని మీకెలా తెలుసు? వైట్ స్పాట్ పీతల వల్ల వస్తుంది, చచ్చిన రొయ్యని కాకి ఎత్తుకెళ్ళి ఇంకో చెరువులో పడేసినా వస్తుంది, వలలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి తిప్పినా వస్తుంది, అసలు సీడ్‌లోనే, అంటే వేసిన రొయ్య పిల్లల్లోనే ఉండొచ్చు. ఖాయంగా తెలియని దానికి ఒక రైతు పేరు బయటపెట్టి అతని పరువు, అతని అప్పు పుట్టే దారి రెండూ పోగొట్టడం ధర్మమా?

కౌలు రైతు, కాళ్ళ మండలం

షాపాయన మాటలు చదివితే నాకు ఒళ్ళు మండింది, అయినా మర్యాదగానే రాస్తాను. కాకి ఎత్తుకెళ్ళొచ్చు, పీత పాకొచ్చు, నిజమే. అందుకే కదండీ మేం గట్టు చుట్టూ పీతలు రాకుండా వల కడతాం, పైన పక్షులకి దారాలు లాగుతాం. కాకికి దారం కట్టుకున్న నేను, బోదెలో వచ్చే నీళ్ళలో జబ్బుందని ఎవరో ఒకరు చెప్పకపోతే దేంతో ఆపాలి? మా దగ్గర నీళ్ళు పెట్టుకునేదీ వదిలేదీ చాలాచోట్ల ఒకే డ్రెయిన్. ఎగువ చెరువు మురుగే దిగువ చెరువు నీరు. ఇది షాపాయనకి తెలియదా?

మీరు మాట్లాడుతున్న పరువు చెరువు యజమానిది. కౌలుకి చేసేవాడికి లీజు ముందే కట్టాలి, సీడ్ డబ్బు ముందే, కరెంటు, డీజిల్, మేత అప్పు. పంట పోతే భూమి ఉన్నవాడికి భూమైనా మిగులుతుంది, నాకు గట్టు మీద వేసుకున్న షెడ్డు కూడా మిగలదు. నాకు వాళ్ళ పేర్లు అక్కర్లేదు, ఎవరి అప్పూ అక్కర్లేదు. "ఈ వారం నీళ్ళు తీసుకోకు" అనే ఒక్క మాట చాలు. తమ్ముడూ, నువ్వు బాధపడుతున్నావు, అది మంచిదే. కానీ ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పావా లేదా?

టెక్నీషియన్, గణపవరం

నేనూ ఇదే పనిలో ఉన్నాను. అందరూ కుర్రాడి మనస్సాక్షి గురించే అడుగుతున్నారు గానీ అతని జీతం ఎవరిస్తున్నారో ఎవరూ అడగట్లేదు. మనకి జీతం ల్యాబ్ నుంచి రాదు, మందులు అమ్మితే వస్తుంది. టెస్టులు ఊరికే చేస్తారు లేదా నామమాత్రం డబ్బు తీసుకుంటారు, ప్రొబయోటిక్కులు, మినరల్స్, గట్ మందులు అమ్ముకుని సంపాదిస్తారు, మనకి నెలనెలా టార్గెట్ ఉంటుంది. ఈహెచ్‌పి అనే రొయ్యల జబ్బు పాజిటివ్ వస్తే దానికి పనిచేస్తుందని రుజువైన మందు లేదు, ఎదుగుదల ఆగిపోతుంది, ఆ సంగతి జువాలజీ చదివిన ప్రతివాడికీ తెలుసు. అయినా "చూద్దాం అండీ, ఇది వారం వాడండి" అని సీసా చేతిలో పెట్టనివాడు మనలో ఎంతమంది? నేను పెట్టాను, చాలాసార్లు పెట్టాను. వైట్ స్పాట్ దగ్గరికొచ్చేసరికి హఠాత్తుగా ధర్మం గుర్తురావడం కాదు, మనం రోజూ చేసే పనిలోనే లోపం ఉంది.

నోరు విప్పితే కాపాడేవాళ్ళెవరు? 2014లో విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం చేశారు, అది ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి మీద ఫిర్యాదు చేసేవాళ్ళ కోసం. ప్రైవేటు షాపులో ల్యాబ్ కుర్రాడికి అందులో చోటు లేదు. ఉద్యోగం పోతే భీమవరంలో ఇంకో షాపు తీసుకోదు, ఓనర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. కాబట్టి అతన్ని తప్పుపట్టే ముందు ఆ ఇంట్లో బియ్యం ఎవరు కొంటారో కూడా చెప్పండి.

రిటైర్డ్ నర్సు, అమలాపురం

నాకు రొయ్యల గురించి తెలియదు బాబూ, మా అన్నయ్యగారికి చెరువులున్నాయి, అంతే. కానీ రహస్యం అనే మాట దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాను కాబట్టి రాస్తున్నాను.

షాపు ఆయన చెప్పింది ఆసుపత్రిలో కూడా సగం నిజం. రోగి సంగతి పక్కమంచం వాళ్ళకి చెప్పకూడదు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళ వివరాలు బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. అదే ఆసుపత్రిలో క్షయ వస్తే మాత్రం 2012 నుంచి ప్రైవేటు డాక్టరు కూడా ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలి. ఇక్కడ రోగిని ఎవరూ మోసం చేయట్లేదు. రోగి పేరు వీధికి చెప్పట్లేదు, ఆ ఇంట్లో పసిపిల్లలున్నారా, వాళ్ళకి పరీక్ష చేయాలా అని చూడవలసిన వాళ్ళకి చెప్తున్నారు. మేం వార్డులో ఎన్నిసార్లో రోగి కాళ్ళ దగ్గర కూర్చుని, మీ గురించి ఎవరికీ చెప్పం గానీ మీ కోడలికీ మనవడికీ పరీక్ష చేయించాల్సిందే అని ఒప్పించాం. కొందరు తిట్టారు. తిట్టినవాళ్ళు కూడా తర్వాత మళ్ళీ మా దగ్గరికే వచ్చారు. నిజం చెప్తే జనం ఆసుపత్రికి రావడం మానేస్తారు అన్న భయం నేను చూసినంతలో నిజం కాలేదు.

మీ పనిలో కూడా అలాంటి దారి ఉండాలి కదా. చేపల శాఖ వాళ్ళకి చెప్పే పద్ధతి లేదా?

టెక్నీషియన్, గణపవరం

ఉంది అమ్మా. 2023లో కేంద్ర మత్స్యశాఖ రిపోర్ట్ ఫిష్ డిసీజ్ అని యాప్ కూడా తెచ్చింది, రైతే ఫోటో తీసి పెట్టొచ్చు. కానీ మంగళవారం రాత్రి చెప్తే బుధవారం పొద్దున మోటారు ఆగుతుందా? ఇక్కడ టైము గంటల్లో ఉంటుంది.

ఆక్వా షాపు, భీమవరం

నర్సమ్మగారి మాట ఆలోచించాను. కానీ ఒక ఇబ్బంది ఉంది. ఆ బోదె మీద ఉన్నవే ఐదారు చెరువులు. పేరు చెప్పకుండా "నీళ్ళు పెట్టకండి" అంటే పేరు చెప్పినట్టే. రాత్రి ఎవరి గట్టు మీద లైట్లు వెలిగాయో, ఎవరి దగ్గరికి ఐస్ బండి వచ్చిందో అందరూ చూస్తారు.

కౌలు రైతు, కాళ్ళ మండలం

అందరూ చూస్తారని మీరే అంటున్నారు కదా, మరింక దాచింది ఎవరి దగ్గర? మర్నాడు మధ్యాహ్నానికి ఊరంతటికీ తెలుస్తుంది, ఈలోపు పొద్దున్నే మోటారు వేసినవాడు మునిగిపోతాడు. మీ రహస్యం నిలిచింది ఒక్క పూట. ఆ ఒక్క పూటలోనే మూడు చెరువులు.

మామిడికుదురు నుంచి

నేను చెరువుల మనిషిని కాదు, అయినా ఈ చర్చ చదివి ఊరుకోలేకపోయాను. మాది నగరం అనే ఊరి పక్క ఊరు. ఆ నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలింది, ఇరవై మందికి పైగా చనిపోయారు, ఒక టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయి చాలాకాలం అలాగే ఉన్నాయి, నేను ఆ దారిలో కాలేజీకి వెళ్ళేవాడిని. తర్వాత విచారణలో తేలిందేమిటంటే పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు, ఇతర ద్రవాలు కలిసిన తడి గ్యాస్ పంపుతూ వచ్చారు, లోపల్లోపల తుప్పు తినేసింది.

నేను అప్పట్నుంచీ ఆలోచించేది ఒక్కటే. ఆ పైపులో ఏం వెళ్తోందో రోజూ రికార్డు రాసేవాళ్ళుంటారు కదా. వాళ్ళు దుర్మార్గులని నేననను. వాళ్ళకీ జీతాలు, పిల్లలు. ఒక్కొక్కరూ ఇది నా పని కాదు, పైవాళ్ళు చూసుకుంటారు అనుకుని ఉంటారు. పైపు మీద ఇళ్ళున్న మాకు మాత్రం చెప్పడం ఎవరి పనీ కాలేదు. ల్యాబ్ తమ్ముడి విషయంలో ఎవరూ చనిపోలేదు, పోలిక పెద్దదే అనిపించొచ్చు. కానీ మొదలు ఒకటే: తెలిసినవాడు ఒకడు, నష్టపోయేవాడు ఇంకొకడు, మధ్యలో ఒక ఫోను. గణపవరం అన్న చెప్పిన జీతం కష్టం నాకు అర్థమవుతుంది. అయినా జీతం మన పనికి ఇస్తారు, మన మౌనానికి కూడా కలిపి ఇస్తున్నామని ఓనర్ అనుకుంటే ఆ లెక్క ముందే చెప్పాలి, చేరేముందే చెప్పాలి.

పాత రైతు, మొగల్తూరు వైపు

1994, 95లో టైగర్ రొయ్య మీద మొట్టమొదట ఈ జబ్బు వచ్చినప్పుడు నేను పడ్డాను. అప్పుడు ల్యాబులు లేవు, పేరు కూడా తెలియదు, చెరువు తర్వాత చెరువు పోతుంటే ఏ చేతబడో అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక ఎకరం అమ్మేసి వరికి మళ్ళాను. 2009 తర్వాత వన్నామీ రకం రొయ్య వచ్చాక మా అబ్బాయి మళ్ళీ దిగాడు. అప్పుడు ఎవరికీ తెలియక పోయాం. ఇప్పుడు తెలిసి కూడా పోవడం నాకు మింగుడుపడటం లేదు.

అసలు తప్పు నీళ్ళు వదిలిన రైతుది. ఆ మాట ఎవరూ గట్టిగా అనలేదు. బ్లీచింగ్‌కి ఖర్చవుతుందని, నాలుగు రోజులు చెరువు ఆగిపోతుందని వదిలేశాడు. ల్యాబ్ కుర్రాడు ఆయనకి రిపోర్టు ఇచ్చేటప్పుడే, నీళ్ళు ఇలా వదిలితే నేనే దిగువ వాళ్ళకి చెప్తానండీ అని మొహాన్నే అని ఉండాల్సింది. వెనకాల చెప్పడం కాదు, ముందు ఆయనకే చెప్పడం. అప్పుడు ఆయన చెయ్యి కూడా తూము మీద కాస్త ఆగేది.

ల్యాబ్ టెక్నీషియన్, ఆకివీడు దగ్గర

అందరి మాటలూ రెండు మూడు సార్లు చదివాను. మొగల్తూరు పెద్దాయన అన్నదాంట్లో నాకు దారి కనిపించింది. నిన్న మా ఓనర్ గారితో కూర్చుని చెప్పాను: శాంపిల్ తీసుకునేటప్పుడే రైతుకి ఒక మాట చెప్పి తీసుకుంటాను, వైట్ స్పాట్ వస్తే పేరు చెప్పను గానీ అదే బోదె మీద ఉన్నవాళ్ళకి ఆ రాత్రే నీళ్ళు ఆపమని ఫోను చేస్తాను, ఇష్టం లేనివాళ్ళు వేరే ల్యాబ్‌కి వెళ్ళొచ్చు, బ్లీచింగ్ కొట్టి నీళ్ళు నిలబెడితే ఆ ఫోను అవసరమే ఉండదు అని. ఆయన ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు, ఆలోచిస్తానన్నారు. ఒప్పుకోకపోతే నేను ఈ పని మానేస్తాను, ఇంట్లో కూడా చెప్పేశాను. గణపవరం అన్నా, మీరన్న ఈహెచ్‌పి మందుల సంగతి కూడా నిజం, నేనూ అమ్మాను, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

కాళ్ళ మండలం అన్న అడిగిన దానికి జవాబు. ఇవాళ పొద్దున వెళ్ళాను. ఆయన ఎండిపోయిన చెరువులో ఎయిరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) విప్పి గట్టు మీదకి చేరుస్తున్నారు. ఎగువ రైతు పేరు చెప్పలేదు, నాకు ముందే తెలుసని మాత్రం చెప్పాను. తిట్టలేదు. ఎప్పుడు తెలిసింది అని అడిగారు. మంగళవారం సాయంత్రం ఏడు గంటలకి అన్నాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వేలితో వరస చూసుకుంటూ, "బుధవారం ఐదున్నరకి మోటారు వేశాను" అన్నారు. తర్వాత పుస్తకం మూసి, ఎయిరేటర్ రెండో వైపు పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. పదకొండింటి దాకా అక్కడే ఉన్నాను.