చచ్చిన జెల్లీఫిష్ కూడా కుడుతుందా?

మైపాడు నుంచి ఒక అమ్మ:
పోయిన ఆదివారం మైపాడు బీచ్‌కి పోయినాం. ఇసకలో అన్నం పళ్లెమంత జెల్లీఫిష్ పడుంది. ఎండకి అంచులు ముడుచుకుపోయి ఈగలు ముసురుతున్నాయి. చచ్చిందే కదా అని మా ఏడేళ్ల పాప కింద పీచులు పట్టుకుని లేపింది. ఒకటే కేక! ముంజేతి మీద తాడుతో కొట్టినట్టు ఎర్రటి వాతలు. కంగారులో ఇసకతో రుద్ది, బాటిల్లో మంచినీళ్లు పోశాను. మంట ఇంకా పెరిగింది. ఇప్పుడు తగ్గింది గానీ, ప్రాణం లేనిది ఎట్లా కుట్టింది సార్?

ఒంగోలు జువాలజీ లెక్చరర్:
అమ్మా, కుట్టాలని జెల్లీఫిష్ అనుకోనక్కర్లేదు. అనుకోవడానికి దానికి మెదడే లేదు. గుండె, నెత్తురు కూడా లేవు, ఒంట్లో నూటికి 95 పాళ్లు నీళ్లే. కుట్టేవి ఆ పీచుల మీదున్న దంశకణాలు. ఒక్కో కణంలో ఒక గుళిక, దాంట్లో చుట్టచుట్టిన బోలు దారం. లోపల ఒత్తిడి మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు. ఏదైనా తగిలితే చాలు, రెప్పపాటు కూడా పట్టదు, దారం బయటికి తన్నుకొచ్చి చర్మంలో దిగి విషం వదుల్తుంది. జెల్లీఫిష్ చచ్చినా పేలని గుళికలు అట్లాగే ఉంటాయి. ఇసకతో రుద్దితే అవీ నొక్కుకుని పేలతాయి. మంచినీళ్లు తగిలినా అంతే, ఉప్పు తేడాకి పేలతాయి.

ఈసారి సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పీచుల్ని పట్టకారుతో తియ్యండి. ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 20 నిమిషాలు చెయ్యి పెట్టించండి. ఆయాసం వచ్చినా, ముఖం వాచినా మాత్రం ఇంట్లో ఆగొద్దు, ఆస్పత్రికి పరిగెత్తండి.

కొత్తపట్నం కుర్రాడు:
సార్ చెప్పింది నిజం అక్కా. వల లాగేటప్పుడు మా నాయన చేతులకి రోజూ తగుల్తాయి, సముద్రపు నీళ్లే పోసుకుంటాడు. నాకొక డౌటు సార్. వల బాగా ఎండినాక దులిపినా తుమ్ములు, కళ్లు మంట. అది కూడా ఇదేనా?

ఒంగోలు జువాలజీ లెక్చరర్:
ఇదే బాబూ. పీచులు ఎండి పొడైనా దాంట్లో గుళికలు మిగులుతాయి. ముక్కులోనో కంట్లోనో తడి తగిలితే పేలతాయి. దులిపేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకుండా, ముక్కుకి తువ్వాలు కట్టుకోమను నాయనని. కళ్లు మాత్రం ఆ చేతులతో నులుముకోవద్దని చెప్పు.