కువైట్‌లో పుట్టిన పాపకు ఎంబసీ జనన పత్రం నకలు ఎలా తెప్పించుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా. మా అక్కావాళ్ల పాప 2019లో కువైట్‌లో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులే. పుట్టిన కొన్ని నెలలకే అక్కడి మన ఎంబసీలో జనన నమోదు చేయించి పాస్‌పోర్ట్ తీసుకున్నారు. ఇప్పుడు అందరూ ఇక్కడికే వచ్చేశారు.

పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లే కదా, గడువు అయిపోయింది. రెన్యూవల్‌కి వెళితే ఎంబసీ ఇచ్చిన జనన నమోదు పత్రం తెమ్మన్నారు. అది కార్గోలో వేసిన సామానుతో పాటే పోయింది. మిగిలినవి అరబిక్‌లో ఉన్న బర్త్ సర్టిఫికెట్, పాత పాస్‌పోర్ట్. మున్సిపాలిటీని అడిగితే, ఇక్కడ పుట్టలేదు కాబట్టి ఇవ్వలేమన్నారు. అదీ నిజమే.

2004 డిసెంబర్ 3 నుంచి విదేశంలో పుట్టిన పిల్లలను ఏడాదిలోపు ఎంబసీలో నమోదు చేయించాలని పౌరసత్వ చట్టం 4వ సెక్షన్‌లో ఉంది. మావాళ్లు చేయించారు, కాగితమే చేతిలో లేదు. కువైట్‌లో పుట్టినంత మాత్రాన అక్కడి పౌరసత్వం రాదు, పాపకు ఉన్నది మన దేశం ఒక్కటే. అందుకే అక్కకి రాత్రుళ్లు నిద్ర పట్టనంత టెన్షన్.

ఇండియా నుంచే ఆ పత్రం నకలు తెప్పించుకున్నవాళ్లు ఉన్నారా? కువైట్‌లో ఉన్న బంధువుకి ఆథరైజేషన్ లెటర్ ఇస్తే సరిపోతుందా? పాత పాస్‌పోర్ట్ మీదే ఎవరికైనా రెన్యూవల్ అయిందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.