లార్డ్ నార్త్ అసలు లార్డేనా? మార్కు పోయినవాడి బాధ

గోపి_గ్రూప్స్:
నిన్న మాక్ టెస్టులో ఒక మార్కు పోయింది. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. 1773లో ఈస్టిండియా కంపెనీకి పగ్గం వేసిన రెగ్యులేటింగ్ చట్టం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధానిగా ఉన్న లార్డ్ నార్త్ అక్కడి పార్లమెంటులో ఏ సభలో ఉండేవాడని ప్రశ్న. పేరులోనే లార్డ్ ఉంది కదా అని లార్డ్స్ సభకు టిక్ పెట్టాను. కీలో కామన్స్ అని ఉంది. తప్పు కీదా, నాదా? పనిలో పని, మద్రాసును కలకత్తా కింద పెట్టాలని ఆయనకు ఎందుకనిపించిందో కూడా ఎవరైనా చెప్పండి.

పాతకాగితం:
కీ కరెక్టే బ్రదర్. అది మర్యాదకు పిలిచే లార్డ్. తండ్రి గిల్‌ఫర్డ్ ఎర్ల్, అంటే బిరుదున్న ప్రభువు. ఎర్ల్ పెద్దకొడుకుని తండ్రి ఉండగానే లార్డ్ అంటారు, చట్టం దృష్టిలో మాత్రం మామూలు మనిషే. అందుకే 1754 నుంచి 1790 దాకా బ్యాన్‌బరీ సభ్యుడిగా కామన్స్‌లో కూర్చున్నాడు. 1790లో తండ్రి పోయాకే లార్డ్స్‌లో సీటు. 1792లో తనూ పోయాడు. చివరి రోజుల్లో చూపు కూడా లేదు పాపం. డిగ్రీలో నేనూ ఇదే తప్పు రాసి తిట్లు తిన్నాను.

పెద్దకొడుకు_కష్టాలు:
ఆ తండ్రి 86 ఏళ్లు బతికాడు! కొడుకేమో 12 ఏళ్లు దేశానికి ప్రధాని, ఖజానా తాళాలు కూడా ఆయన చేతిలోనే. ఆస్తి మాత్రం నాన్నది. అప్పులు నెత్తికెక్కితే 1777లో మూడో జార్జి రాజు 20 వేల పౌండ్ల వరకైనా ఇస్తానని ఉత్తరం రాశాడు. నాకు 52. పొలం ఇంకా నాన్నగారి పేరునే ఉంది. అంతకంటే చెప్పను.

రిటైర్డ్_హిస్టరీ:
31 ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఒక ముక్క రాసుకోండి. అవిశ్వాస తీర్మానంతో పడిపోయిన మొదటి బ్రిటిష్ ప్రధాని నార్త్. మెయిన్స్‌లో పనికొస్తుంది.

పాతకాగితం:
మాస్టారూ, తీర్మానం నెగ్గితే కదా పడిపోయేది. 1782 మార్చి 15న పెట్టిన అవిశ్వాసం 9 ఓట్ల తేడాతో వీగిపోయింది. మార్చి 20న మళ్లీ పెట్టబోతుంటే ఈయనే లేచి తప్పుకుంటున్నానన్నాడు. అసలు దెబ్బ ఫిబ్రవరి 27నే తగిలింది. అమెరికాలో దాడులు ఆపాలన్న కాన్వే తీర్మానం 234-215తో నెగ్గింది.

రిటైర్డ్_హిస్టరీ:
అంకెలు చూపిస్తే సరిపోదు నాయనా. ఓడిపోతానని తెలిసే కదా దిగిపోయింది? దాన్ని పడిపోవడం కాక పట్టాభిషేకం అంటామా?

పాతకాగితం:
దిగిపోవడం వేరు, దింపేయడం వేరు మాస్టారూ. పరీక్షలో ఆ ఒక్క మాట మీదే మార్కు పోతుంది. పైన గోపిని చూస్తున్నారుగా.

రిటైర్డ్_హిస్టరీ:
నా దగ్గర చదివినవాళ్లు డిప్యూటీ కలెక్టర్లయ్యారు. ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ల చేత పాఠం చెప్పించుకునే ఖర్మ నాకు లేదు.

కాఫీ_కప్పు:
మాస్టారూ, కోపం వద్దండీ. ఆ మార్చి 20 రాత్రి సంగతి నాకెంత ఇష్టమో. బయట మంచు పడుతోంది. చర్చ అర్ధరాత్రి దాటుతుందని సభ్యులందరూ బళ్లు ఇంటికి పంపేశారు. ఈయన రాజీనామా చెప్పగానే సభ ముగిసింది, అందరూ చలిలో గుమ్మం దగ్గర నిలబడిపోయారు. నార్త్ బండి ఒక్కటే సిద్ధంగా ఉంది. రహస్యం ముందే తెలిసి ఉంటే ఇదే లాభమని నవ్వుతూ ఎక్కి వెళ్లిపోయాడట. పదవి ఊడిన రోజున ఎవరికుంటుంది ఆ నవ్వు?

పెద్దకొడుకు_కష్టాలు:
నవ్వక ఏం చేస్తాడు? అమెరికా యుద్ధంలో సారటోగా దగ్గర ఓడినప్పటి నుంచీ వదిలేయమని రాజుని బతిమాలుతూనే ఉన్నాడు. ఆయన వదిల్తేగా. డబ్బు తీసుకున్నాక ఏ మొహం పెట్టుకుని పోతాడు?

నాని_న్యూజెర్సీ:
నార్త్ వాళ్ల ఇంట్లో ఒక సెమిస్టర్ చదివిన తెలుగువాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? నేనున్నాను :) బ్యాన్‌బరీ దగ్గరి రాక్స్‌టన్ అబీ ఇప్పుడు మా ఫెయిర్‌లీ డికిన్సన్ యూనివర్సిటీది. 1965 నుంచీ మా పిల్లలు అక్కడికి వెళ్తున్నారు. అమెరికాను పోగొట్టుకున్నవాడి ఇంట్లో అమెరికా వాళ్లు హోమ్‌వర్క్ చేసుకోవడం! ఇంకో విషయం, అది నార్త్ వాళ్ల సొంతం కూడా కాదు. ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ దగ్గర లీజుకి ఉండేవాళ్లు.

పెద్దకొడుకు_కష్టాలు:
అది కూడా సొంతం కాదా. దేవుడా.

బందరు_బుల్లోడు:
గోపీ, నీ రెండో ప్రశ్నని అందరూ గాలికి వదిలేశారు. నా ఏడుపు కూడా అదే. ఆ చట్టంతో మద్రాసు కౌన్సిల్ యుద్ధానికీ సంధికీ కలకత్తా గవర్నర్ జనరల్ అనుమతి అడగాల్సి వచ్చింది. మా ఉత్తర సర్కారులు మద్రాసు చేతిలో ఉన్నాయి కాబట్టి బందరు తలరాత ఎక్కడో కలకత్తాలో రాశారన్నమాట. మా పాఠాల్లో ఆ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ పేరు తప్ప ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కంపెనీ దివాలా అంచున ఉంటే ప్రభుత్వం 14 లక్షల పౌండ్ల అప్పిచ్చింది. అప్పిచ్చినవాడు పగ్గం అడగడా? ఒక్కో ప్రెసిడెన్సీ తనకు తోచిన యుద్ధం చేస్తే ఆ అప్పు తీరేదెలా?

కాఫీ_కప్పు:
అదే ఏడు నార్త్ టీ చట్టం కూడా తెచ్చాడు. గోదాముల్లో పేరుకుపోయిన కంపెనీ టీని అమెరికాలో చవగ్గా అమ్మించి ఒడ్డున పడేద్దామనుకున్నాడు. పాత పన్ను మాత్రం ఉంచాడు. డిసెంబరు 16న ఆ పన్ను ఒప్పుకోని జనం 342 పెట్టెల్ని బోస్టన్ నీళ్లలో కలిపేశారు.

నాని_న్యూజెర్సీ:
అదిగో, టీ మీద పన్ను పెంచినవాడు! అందుకే మాకు దేశం వచ్చింది.

కాఫీ_కప్పు:
పెంచలేదు బాబూ, ఉన్నదాన్ని తీసేయలేదు. టీ అంతకుముందు కంటే చవకే. చదివే రాశారా, చూసి రాశారా?

బందరు_బుల్లోడు:
టీ సంగతి వేరే థ్రెడ్‌లో చూసుకోండి. పగ్గం వేశాక మద్రాసులో ఏం జరిగిందో వినండి. 1776 ఆగస్టులో కౌన్సిల్ వాళ్లు తమ గవర్నర్ పిగట్‌నే అరెస్టు చేశారు. తంజావూరు రాజ్యం, ఆర్కాటు నవాబు అప్పులు, ఆ అప్పులిచ్చిన తెల్లదొరలు, అదో పెద్ద ముడి. మరుసటి ఏడు పిగట్ నిర్బంధంలోనే పోయాడు. అన్నట్టు ఆయన కూడా లార్డే, ఆయన కూడా కామన్సే.

గోపి_గ్రూప్స్:
అయ్యో, ఆయన తండ్రి కూడా ఎర్లా?

పాతకాగితం:
కాదు, ఆయనది ఐర్లండ్ బిరుదు. ఐర్లండ్ బారన్లకి ఇంగ్లండ్ లార్డ్స్‌లో సీటు ఉండదు, కాబట్టి కామన్స్‌కి పోటీ చేయొచ్చు. క్లైవ్‌దీ అంతే, ష్రూస్‌బరీ సభ్యుడు.

గోపి_గ్రూప్స్:
మరి రేపు మాక్‌లో తర్వాతి కాలం ప్రధాని లార్డ్ పామర్‌స్టన్ గురించి అడిగితే?

రిటైర్డ్_హిస్టరీ:
అదీ ఐర్లండ్ బిరుదే నాయనా, వైకౌంట్. కామన్స్‌కి టిక్ పెట్టు. ఈ ముక్కలో అంకెల్లేవు కాబట్టి ఎవరూ అడ్డు రారనుకుంటాను.