నిన్న రాత్రి దక్షిణం దిక్కు మండుతూ పోయిన ఉల్కను ఇంకెవరైనా చూశారా?

దేవరకొండ_రైతు:
పది దాటాక బత్తాయి తోటకు నీళ్లు పెడుతున్నా. ఉన్నట్టుండి చెట్ల నీడలు పాదుల మీద పడి పక్కకు జరిగిపోయాయి. తలెత్తి చూస్తే దక్షిణాన పచ్చటి వెలుగు, వెనక నారింజ తోక. చివర్లో రెండు ముక్కలై ఆరిపోయింది. చుక్కలు రాలడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, నేల మీద నీడ పడేంత వెలుగు మాత్రం ఎన్నడూ చూడలేదు. చప్పుడేమీ వినలేదు.

అచ్చంపేట_వాసి:
చూసిన అన్నా! మాకు ఆగ్నేయంలో, శ్రీశైలం వైపు. ఆరిపోయిన రెండున్నర నిమిషాలకు ఉరిమినట్టు చప్పుడైంది, రేకులు అదిరాయి. మబ్బన్నదే లేదు. అమ్మకు ఇంకా టెన్షన్ తగ్గలేదు.

పాలమూరు_నక్షత్రాలు:
తమ్మీ, నువ్వు చెప్పిన ఆ ఆలస్యం చాలా పనికొస్తుంది. శబ్దం కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. అంటే అది మీకు 50 కిలోమీటర్ల దూరంలో పేలి ఉంటుంది. అమ్మకు భయం లేదని చెప్పు. కానీ ఇంత వెలుగు కనబడితే కిటికీ దగ్గరికి మాత్రం పోవద్దు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో చాలామంది వెలుగు చూద్దామని కిటికీల దగ్గర నిలబడ్డారు. కాసేపటికి వచ్చిన పేలుడు తరంగానికి అద్దాలు పగిలి గాయపడ్డారు.

మిర్యాలగూడ_99:
మాకు నైరుతిలో కనిపించింది. రాకెట్ ముక్కేమో? 2022 ఏప్రిల్‌లో చంద్రపూర్ జిల్లాలో లోహపు రింగు పడింది కదా.

పాలమూరు_నక్షత్రాలు:
ఎన్ని సెకన్లు కనిపించింది?

మిర్యాలగూడ_99:
మూడు, నాలుగు. అంతే.

పాలమూరు_నక్షత్రాలు:
అయితే ఉల్కే. రాకెట్ ముక్కలు సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో, దాదాపు అడ్డంగా వస్తాయి. ఒక్కోసారి నిమిషానికి పైగా కనబడతాయి. ఉల్కల వేగం 11 కిలోమీటర్లకు తగ్గదు.

వనపర్తి_టీచర్:
రాయి పడి ఉంటే వెతకొచ్చా? పిల్లలు పొద్దున్నుంచి ఒకటే అడుగుతున్నారు.

పాలమూరు_నక్షత్రాలు:
మీరు చెప్పే దిక్కులన్నీ నల్లమల మీదే కలుస్తున్నాయి. అది పులులుండే అడవి, అటు పోనివ్వకండి మేడమ్. పొలాల్లో మాత్రం పైన పలుచని నల్లటి పొరతో, సైజుకు మించిన బరువుతో కొత్త రాయి కనబడితే ఉన్నచోటే ఫొటో తీయించండి. అయస్కాంతం పెట్టనివ్వొద్దు, రాయిలోని పాత అయస్కాంత గుణం చెడిపోతుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకు చెబితే పరీక్షిస్తారు.

అచ్చంపేట_వాసి:
మా దగ్గరి పెట్రోల్ బంకు కెమెరా అటువైపే ఉంది. పాత రికార్డింగు చెరిగిపోకముందే ఇప్పుడే పోయి అడుగుతా. మీరూ మీ ఊళ్లలో అడగండి, టైము కనబడేలా పెట్టండి.