తెలుగు మాట్లాడతారు, చదవలేరు: ఇలాంటి పిల్లలతో రోజూ ఏ మాటలాట ఆడించాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బరంపురం, గుణుపురం, రాయగడ, కాశీనగరంలో ఉన్న చుట్టాలం, వాళ్ల స్నేహితులు, ఇక్కణ్ణుంచి వెళ్లి సూరత్‌లోనూ బెంగళూరులోనూ స్థిరపడ్డవాళ్లు కొందరు, అందరం కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున్న ఒక మాటలాట, రాత్రికి జవాబు, అంతే. ఫార్వర్డులు, రాజకీయాలు, గుడ్ మార్నింగ్ పూలు రానివ్వం. ముఖాలు చూసుకోనివాళ్లు కూడా ఇప్పుడు అక్కా, బావా అని పిలుచుకుంటున్నారు, నాకు రోజులో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

ఇంగ్లీషు వర్డిల్ తెలుసు కదా, 2021లో వచ్చింది, అయిదక్షరాల మాటని ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి, ఆ రోజుకి అందరికీ ఒకటే మాట. అలాంటిదే తెలుగులో ఆడుతున్నాం. కానీ అక్షరాలు లెక్కపెట్టే దగ్గర రోజూ గొడవే. మా మేనల్లుడు కంప్యూటర్ చదువుతున్నాడు, వాడు రాసిన చిన్న ప్రోగ్రాం "స్త్రీ" అంటే ఆరు అంటుంది, మా పెద్దమ్మ ఒకటే అంటుంది. ఇంకోటి, పొద్దున్నే ఎవరో ఒకరు జవాబు గ్రూపులో పెట్టేస్తారు, మిగతావాళ్లకి ఆట పోతుంది.

అసలు బెంగ వేరే. మా గుంటలు తెలుగు గడగడా మాట్లాడతారు, చదివింది మాత్రం ఒడియా, ఇంగ్లీషు మీడియంలో. తెలుగు అక్షరం చూపిస్తే బొమ్మ చూసినట్టు చూస్తారు. ఆట మొదలవగానే "చదివి చెప్పు పిన్నీ" అంటారు, రెండు రోజులు చూసి మానేస్తారు. వాళ్లని ఈ ఆటలోకి ఎలా తేవాలి? మీ ఇళ్లల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి.

బరంపురం బావ:

ముందు లెక్క సంగతి తేల్చేద్దాం అక్కా, ఇది తేలకపోతే ఏ ఆటా సాగదు. మీ పెద్దమ్మగారి మాటే ఖాయం చేసుకోండి. నోటితో ఒక దెబ్బలో పలికేది ఒక అక్షరం. వత్తులు, గుణింతం, సున్నా అన్నీ అందులోనే. చివర పొల్లు వస్తే దాన్ని ముందు అక్షరంతో కలిపేయాలి. లక్ష్మి రెండు, బరంపురం నాలుగు, మీ పర్లాకిమిడి సరిగ్గా అయిదు. మేనల్లుడి ప్రోగ్రాం తప్పు కాదు, ఫోన్ లోపల "స్త్రీ" నిజంగా ఆరు ముక్కలుగానే ఉంటుంది: స, త, ర, మధ్యలో రెండు పొల్లు గుర్తులు, చివర దీర్ఘం. అక్షరాల గుంపుని ఒకటిగా లెక్కపెట్టమని చెబితే సరిపోతుంది, వాడికి అది పెద్ద పని కాదు.

ఇంకో సంగతి, అయిదక్షరాలు పెట్టకండి. తెలుగులో గుణింతాలూ వత్తులూ కలిసి ఒక్కో గడిలో వందల రకాలు పట్టొచ్చు, ఆరు ప్రయత్నాల్లో అయిదు గడులు ఎవరికీ రావు, పిల్లలకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మూడు చాలు. మేం రంగులు ఇలా పెట్టుకున్నాం: అక్షరం మొత్తం కలిస్తే పచ్చ, హల్లు కలిసి గుణింతం తేడా వస్తే పసుపు, లేకపోతే నలుపు. మొన్న మాట "చినుకు". ఒకరు "చెరుకు" అన్నారు. చె పసుపు, రు నలుపు, కు పచ్చ. తర్వాత వాళ్లు "చిలుకు" అన్నారు, చి పచ్చ అయింది, మధ్య అక్షరం ఒక్కటే మిగిలింది. ఆ పసుపు గడి లేకపోతే తెలుగులో ఈ ఆట ఆడలేం, అది కలిపాకే మా ఆడపడుచులు కూడా రోజూ వస్తున్నారు.

జవాబు విషయానికి, పొద్దున ఆట పెట్టగానే గ్రూపుని అడ్మిన్ మాత్రమే రాసేలా మార్చేయండి. జవాబులు విడిగా మీకు పంపుతారు, రాత్రి తొమ్మిదికి తెరవండి. టెలిగ్రామ్ అయితే జవాబుని కప్పిపెట్టే వీలు కూడా ఉంది, వేలితో నొక్కితేనే కనిపిస్తుంది.

నాగావళి ఒడ్డు (రాయగడ):

మహేంద్రతనయ గారూ, మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే కనిపించింది. మా ఇద్దరు పిల్లలదీ ఒడియా మీడియమే. వాళ్లకి తెలుగు కొత్త చదువు అనుకోకండి, సగం దారి అప్పటికే వచ్చేసి ఉంటారు. ఒడియా వర్ణమాల కూడా మనలాగే అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరసే, గుణింతం ఉంది, వత్తులున్నాయి. ఆకారాలే వేరు. అందుకని నేను మొదట్లో గడి పైన తెలుగు అక్షరం, కింద చిన్నగా అదే అక్షరం ఒడియాలో రాసి ఫోటో తీసి పెట్టేదాన్ని. పిల్లలు కింద చూసి చదివేవారు, కన్ను మాత్రం పైదాని మీద కూడా పడేది. కొన్నాళ్లకి కింద రాయడం ఒక్కో అక్షరానికీ తగ్గించుకుంటూ వచ్చాను. క, మ, న ముందు పోయాయి. ఇప్పుడు ఎక్కువ వత్తులున్న వాటికే రాస్తున్నాను.

ఒక చోట మాత్రం జాగ్రత్త. ఒడియాలో ఏ, ఓ ఉన్నాయి గానీ వాటికి పొట్టివి, అంటే మన ఎ, ఒ లేవు. నెల అని రాసినా నేల అని రాసినా ఒడియా అక్షరాల్లో ఒక్కలాగే కనిపిస్తుంది. మెడ, మేడ అంతే. కొన, కోన అంతే. మా పెద్దాడు "మేడ మీద చీమ కుట్టింది" అని మెడ గోక్కుంటూ చెబితే ఇంటిల్లిపాదీ నవ్వాం, ఆ రోజు నుంచి వాడికి అదే ఆట అయిపోయింది. వాయిస్ మెసేజ్‌లో ఒక మాట పంపుతాను, అది పొట్టిదో పొడుగుదో వాడు తెలుగులో రాసి పంపాలి. చెవికి ముందే తెలుసు కాబట్టి పట్టేస్తాడు, చెయ్యి దాని వెనకే నేర్చుకుంటుంది. ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

పొడుపు కథలు కూడా వాయిస్‌లోనే మొదలుపెట్టండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అని వాళ్ల అమ్మమ్మ గొంతులో వినిపిస్తే మా చిన్నది కళ్లు ఆర్పుతూ వీడియో పంపింది, జవాబు కనురెప్పలు కదా. ఒక్క అక్షరం రాయకుండా ఆటలోకి వచ్చేసింది.

టెక్కలి మాస్టారు:

ఒడియా అక్షరాల్లో రాసి పెట్టడం నాకు నచ్చలేదమ్మా, మనసులో ఉన్నది చెబుతున్నాను. గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు, అందుకే ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ ఊరి పిల్లలకి తెలుగు మాటని వేరే అక్షరాల్లో ఇవ్వడం అంటే కష్టంగా ఉంటుంది. ఊతకర్ర అలవాటైతే వదలరు.

నాగావళి ఒడ్డు (రాయగడ):

మాస్టారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడి మేం ఇటు వైపు ఉండిపోయాక మా బళ్లు ఎలా ఉన్నాయో మీకు తెలియనిది కాదు. తెలుగు పుస్తకం చేతికి రాని పిల్లకి మొదటిరోజే తెలుగు గడులు పెడితే తను ఫోన్ పక్కన పడేస్తుంది. తను ఆటలో ఉండాలి ముందు. ఉన్నవాళ్లకే కదా నేర్పగలం. మా పిల్లలు వదిలారు, అది నేను రోజూ చూస్తున్నాను.

గుణుపురం తాతయ్య:

పిల్లల సంగతి మీరు బాగా చూసుకుంటున్నారు. పెద్దవాళ్లకి కూడా ఏదో ఒకటి పెట్టండి తల్లీ, వారానికి ఒక దత్తపది ఇవ్వండి. మాటలు మనం ఇస్తాం, అవి వేరే అర్థంలో వచ్చేలా పద్యం కట్టాలి. అవధానంలో చేసేదే, తీరిగ్గా ఇంట్లో కూర్చుని చేస్తాం. కందం జోలికి వెళ్లకండి, అన్ని పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి, ఆ ప్రాస కుదరక సగం మంది పారిపోతారు. ఆటవెలది తీసుకోండి. గణమంటే గురువు లఘువుల చిన్న గుంపు, సూర్యగణాలు పొట్టివి, ఇంద్రగణాలు కాస్త పొడుగువి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాలి, అదే యతి. ప్రాస అక్కర్లేదు. వేమన పద్యాలు ఎక్కువ భాగం ఇవే కాబట్టి నడక అందరి చెవిలోనూ ఉంటుంది.

మా స్నేహితుల్లో ఒకాయన పూరి, వడ, అట్టు ఇచ్చి ఎండాకాలం మీద చెప్పమన్నారు. నేను ఇలా కట్టాను:

పూరి రైలు నెక్కి పోదమం చనుకొంటి
వడలి పోతి నెండ వాతఁ బడుచు
అట్టు లున్న వేళ నత్తగా రొకచెంబు
మజ్జి గిచ్చె మోము మరల విరిసె

పూరి జగన్నాథుడి ఊరైంది, వడ వడలిపోవడంలో కలిసింది, అట్టు "అట్టులున్న వేళ" అయింది. మూడూ తినేవే, పద్యంలో మిగిలింది మజ్జిగ ఒక్కటే. పంపగానే బరంపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసి రాగం తీసి పాడి వినిపించారు, ఆ పూటంతా నాకు వేరే ఏమీ గుర్తులేదు.

కటక్ కుర్రాడు:

పిల్లలకి ఇంకో చిన్న ఆట. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాటలు వెతకమనండి. వికటకవి అందరికీ తెలుసు. కునుకు, కులుకు, జలజ, సరస, నయన, నందనం. ఒడియావాళ్లు మా ఊరిని పలికినట్టు "కటక" అని రాస్తే అదీ అంతే, ఒడియా అక్షరాల్లోనూ అంతే. మా హాస్టల్లో ఒడియా స్నేహితులు కూడా ఈ ఒక్క ఆట మాతో ఆడతారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ చాలా థాంక్స్ అండి. పసుపు గడి, మూడక్షరాలు రేపటి నుంచే. నాగావళి గారూ, వాయిస్ ఆట మా పెద్దమ్మ చేత చెప్పిస్తాను, ఆవిడ గొంతంటే పిల్లలకి ప్రాణం. కింద ఒడియా అక్షరం కూడా పెడతాను, మాస్టారు ఏమనుకోవద్దు, తీసేసే రోజున మీకు ముందు చెబుతాను. తాతగారూ, ఈ ఆదివారం దత్తపదికి మాటలు నేనిస్తున్నా: నెల, నేల, మెడ, మేడ. వేరే అర్థం పట్టింపు వద్దు, నాలుగూ వస్తే చాలు.

గుణుపురం తాతయ్య:

ఆదివారం దాకా ఆగలేను తల్లీ. నెల అంటే చంద్రుడని కూడా ఉంది కదా.

మేడ మీద కెక్కి మెడయెత్తి చూచితి
నేల వెలుగఁ జేయు నెలను మింట

నాలుగు మాటలూ రెండు పాదాల్లోనే వచ్చేశాయి. మిగతా రెండు పాదాలు ఎవరైనా కట్టండి, యతి నేను చూసి పెడతాను.