ముంబై ఒంటరిగా చూడాలంటే: చుట్టాల ఇల్లా, స్టేషన్ డార్మిటరీయా?

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):
డిగ్రీ అయిపోయింది. వచ్చే నెల కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై వెళ్తున్నా, ఒక్కణ్ణే. రానూపోనూ స్లీపర్ టికెట్లు తీసేశాను. అవి పోగా చేతిలో రూ.5,000, చూడడానికి నాలుగు రోజులు. ముంబై దగ్గర భివండీలో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, అక్కడే దిగమని ఇంట్లో అంటున్నారు. నాకేమో సిటీలోనే చవకగా ఒక మంచం తీసుకుని నా ఇష్టమొచ్చినట్టు తిరగాలని ఉంది. మీరైతే ఏం చేస్తారు?

ధర్మాబాద్ మిర్చి:
సొంత అన్న ఇల్లు పెట్టుకుని మంచానికి డబ్బు కట్టడమేంటి తమ్ముడూ? ముంబైలో పడక తప్ప మిగతావన్నీ మనకు అందేవే. లోకల్ రైల్లో సెకండ్ క్లాస్ టికెట్ రూ.5 నుంచి మొదలు. మెరైన్ డ్రైవ్, గేట్‌వే ఆఫ్ ఇండియా, బాణగంగ కోనేరు, జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, వీటిలో దేనికీ టికెట్ లేదు. ఎలిఫెంటా గుహలకు రూ.40, పడవ ఖర్చు వేరే. ఆకలేస్తే వడాపావ్. జేబు ఖాళీ చేసేది ఒక్క గది అద్దె, అదే ఊరికే దొరుకుతుంటే ఇంకా ఆలోచనా? ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఖాళీగా కనిపించిందని ఫస్ట్ క్లాస్ పెట్టెలో ఎక్కావంటే జరిమానా కనీసం రూ.250.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
ఊరికే ఎక్కడ దొరుకుతోంది అన్నా? బరంపురం నుంచి వట్టి చేతులతో వెళ్తాడా? అప్పడాలు, ఆవకాయ, పిల్లలకు ఏదో ఒకటి. వదినకు చీర పెట్టమని అమ్మ పట్టుబడితే బడ్జెట్ అక్కడే అయిపోయింది.

ఇక దూరం. భివండీ నుంచి ముందు కల్యాణ్‌కో ఠాణేకో చేరాలి, ఆ తర్వాతే లోకల్. కల్యాణ్ నుంచి సీఎస్‌ఎంటీకి, అంటే ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ స్టేషన్‌కి, 50 కిలోమీటర్ల పైనే, ఫాస్ట్ లోకల్‌కే గంట పడుతుంది. పొద్దున ఆఫీసుల వేళ అక్కడ మనం ఎక్కక్కర్లేదు, జనమే ఎక్కించేస్తారు. దిగడమే మన చేతుల్లో ఉండదు. నాలుగు రోజుల్లో ఒక రోజంత కాలం దారికే పోతుంది.

అదే సీఎస్‌ఎంటీలో రిటైరింగ్ రూం డార్మిటరీ (స్టేషన్లోనే ప్రయాణికులకు అద్దెకిచ్చే మంచం) తీసుకున్నావనుకో, 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ స్టేషన్ భవనం పక్కనే నిద్ర లేస్తావు. గేట్‌వేకి అరగంట నడక. ఓవల్ మైదానానికి వెళ్తే ఒక పక్క గోథిక్ కట్టడాలు, ఇంకో పక్క ఆర్ట్ డెకో ఇళ్ళు. వాటినీ 2018లో ఆ జాబితాలో చేర్చారు. రూపాయి ఖర్చు లేదు. కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్ ఉంటే ఐఆర్‌సీటీసీలోనే బుక్ చేసుకోవచ్చు. మెరైన్ డ్రైవ్ దీపాలు వెలిగే వేళకు 'అన్నం చల్లారిపోతోంది, ఎక్కడున్నావ్' అని ఫోన్ కూడా రాదు.

ధర్మాబాద్ మిర్చి:
ఆ రూంలు 48 గంటలకు మించి ఇవ్వరు. మిగతా రాత్రులు ప్లాట్‌ఫాం మీదా?

రాయగడ పిల్ల:
మగపిల్లలు కాబట్టి ఇంత తీరుబడిగా వాదించుకుంటున్నారు. చుట్టాల అడ్రస్ చూపించకపోతే నన్నసలు రైలెక్కనిచ్చేవాళ్ళే కాదు. డోంబివ్లీలో పిన్ని ఇంట్లో దిగాను. పగలంతా తిరుగుడు నా ఒక్కదానిదే. రాత్రి లోకల్ లేడీస్ పెట్టెలో పోలీసు కాపలా ఉంటుంది, టెన్షన్ పడలేదు. పిన్ని మాత్రం పడింది. నేను వచ్చేదాకా ముద్ద ముట్టేది కాదు. అది తెలిశాక చీకటి పడకముందే వెనక్కి రావడం మొదలుపెట్టాను, చూడాల్సినవి సగం అలాగే ఉండిపోయాయి.

భివండీ మగ్గం:
చుట్టాలు దిగే ఇల్లు మాది, కాబట్టి నేనూ చెప్తాను. ఒక గది, వంటిల్లు. అమ్మానాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఎవరైనా వస్తే నేను పవర్‌లూం షెడ్డుకు పోయి పడుకుంటాను. వచ్చినవాళ్ళకు నైట్ షిఫ్ట్ అని చెప్తాం. కుళాయి నీళ్ళు పొద్దున కాసేపే, ఆ కాసేపట్లో ఇంకో మనిషి స్నానం. రాత్రి పదకొండుకు తలుపు కొడితే చిన్నవాడు లేచి కూర్చుంటాడు.

అలాగని రావద్దని కాదు. ముంబై దాకా వచ్చి గడప తొక్కలేదని తెలిస్తే మా అమ్మ ఏడాది పాటు ఎత్తిపొడుస్తుంది. భోంచేసి, రాత్రికి డార్మిటరీకి పోతానన్నా ఆమెకు చిన్నతనమే. నా మట్టుకు నాకైతే ఆదివారం వచ్చి, ఒక రాత్రి ఉండి, తీరిగ్గా ఊరి కబుర్లు చెప్పి వెళ్ళే తమ్ముడే ముద్దు. నాలుగు రోజులూ ఇల్లును లాడ్జీ చేసి, రాత్రి వచ్చి పడుకుని పొద్దున్నే మాయమయ్యేవాడు చుట్టం కాదు.

ధర్మాబాద్ మిర్చి:
షెడ్డులో పడుకునే సంగతి నాకు తట్టలేదు. కానీ అందరిళ్ళూ అలా ఉండవు. తమ్ముడూ, మమ్మల్ని అడిగే బదులు ముందు మీ అన్నకు ఫోన్ చెయ్యి.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):
చేశాను. కల్యాణ్‌లోనే దిగమన్నాడు, స్టేషన్‌కు వస్తాడట. ఎలిఫెంటా సోమవారం మూసేస్తారు, మంగళవారం పెట్టుకోమన్నాడు. 'ఈ మధ్య నైట్ షిఫ్టులు' అని కూడా అన్నాడు. భివండీ అన్న రాసింది చదివాక ఆ మాట వేరేగా వినిపిస్తోంది. ఆదివారం రాత్రి వాళ్ళింట్లో, తర్వాత రెండు రాత్రులకు డార్మిటరీ బుక్ చేశాను. చివరి రాత్రి ఎలాగూ రైల్లోనే. డార్మిటరీ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు పెద్దమ్మకు చెప్పాలా, అన్నకా?

రాయగడ పిల్ల:
వదినకు.